కాకినాడ అఖాతం: గోదావరి పెట్టిన రేవు

ఆంధ్రదేశపు పటాన్ని ముందు పెట్టుకొని, ఇచ్ఛాపురం మొదలు తడ వరకు సముద్రపు గీతను వ్రేలితో దిద్దుకుంటూ పోతే, ఆ గీత చాలా దూరం పెద్ద వంకరలు లేకుండానే సాగిపోతుంది. విశాఖ వద్ద ఒక కొండ సముద్రంలోకి ముక్కు సాచినది. కృష్ణా గోదావరులు సాగరంలో కలిసే చోట్ల నేల ముందుకు ఉబికినది. అంతే కాని, గాలివాన వేళ ఓడ వచ్చి తలదాచుకోదగిన తావులు ఈ తీరంలో బహు తక్కువ. అట్టి తీరం మీద, గౌతమీ పాయ సముద్రాన్ని చేరే చోటికి కొంచెం ఉత్తరంగా, పటంలో చిన్న కొడవలి వంటి గుర్తు ఒకటి కనబడుతుంది. దక్షిణపు కొస నేలను అంటుకొని, ఉత్తరపు మొన నీటిలోకి సాగిన సన్నని ఇసుక కొడవలి అది. ఆ కొడవలికీ తీరానికీ నడుమ చిక్కిన నీరే కాకినాడ అఖాతం.

విస్తీర్ణంలో ఇది సుమారు 150 చదరపు కిలోమీటర్లు మాత్రమే. బంగాళాఖాతం ముందు దీని పరిమాణం సముద్రంలో కాకిరెట్ట వంటిది. అయినా ఈ కొద్దిపాటి నీటి ఒడ్డున మూడు ఐరోపా జాతులు వర్తకశాలలు కట్టుకొన్నాయి. ఒక గొప్ప రేవు పుట్టి, పెరిగి, అణగిపోయినది. ఆ రేవును ముంచిన తుఫాను, వాయుగుండాల స్వభావాన్ని పరిశోధించిన ఒక నావికునికి పాఠమైనది. ఇంత చరిత్రకు మూలకారణం రాజులు కారు, వర్తకులు కారు. గోదావరి మోసుకొని వచ్చిన మన్ను. ఆ మన్ను ఎట్లా కదిలినదో తెలిస్తేనే, ఇక్కడి ఊళ్ళు ఎందుకు వెలిశాయో, ఎందుకు వెలవెలపోయాయో తెలుస్తుంది.

నది, గాలి, ఇసుక

నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద, పడమటి కనుమలలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి తూర్పు సముద్రాన్ని చేరుతున్నది. ధవళేశ్వరం దాటిన పిమ్మట గౌతమి, వశిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలి, మధ్యను కోనసీమను పొదువుకొంటున్నది. సప్తర్షుల పేర ఏడు పాయలను లెక్కించడం మన పెద్దల సంప్రదాయం. సప్తసాగర యాత్ర చేసేవారు పుష్య మాసపు అమావాస్యనాడు చొల్లంగిలో తొలి స్నానం చేస్తారు. అక్కడ కలిసేది తుల్యభాగ. అందుకే ఆ దినానికి చొల్లంగి అమావాస్య అనే పేరు వచ్చినది. తరువాతి స్నానం ఆత్రేయ సంగమమైన కోరంగిలో. ఈ రెండు ఊళ్ళూ కాకినాడ అఖాతపు ఒడ్డునే ఉన్నాయి. సముద్రస్నానమని వచ్చిన యాత్రికునికి ఇక్కడ ఎదురయ్యేది ఎగసిపడే కెరటం కాదు; బురద నేల, మడ చెట్లు, నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగే పోటునీరు. కెరటాన్ని దూరాన ఆపివేసినది ఆ ఇసుక కొడవలి.

ఆ కొడవలి ఏర్పడిన తీరు ఇది. నైరుతి ఋతుపవనాల కాలంలో గోదావరికి వరదలు వస్తాయి. ఎర్రనీటితో కూడ మన్నూ ఇసుకా సముద్రానికి చేరతాయి. సన్నని ఒండ్రు నీటిలో తేలుతూ దూరం పోతుంది. బరువైన ఇసుక మొగల దగ్గరనే దిగిపోతుంది. అదే కాలంలో గాలి నైరుతి నుంచి వీస్తుంది. ఆ గాలి లేపిన అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి, అడుగున ఉన్న ఇసుకను ఉత్తర దిశగా నెట్టుతాయి. శీతకాలంలో గాలి తిరిగి కొంత ఇసుకను వెనుకకు తెచ్చినా, సంవత్సరం మొత్తం మీద ఉత్తరానికి పోయేదే అధికం. గౌతమి తెచ్చిన ఇసుక ఈ విధంగా తీరం వెంట నడుస్తూ, తీరం పడమటికి వంగిన చోట వంపు తిరగలేక తిన్నగా ముందుకు సాగి తిన్నె వేసినది. తిన్నె మీద తిన్నె పడగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఇసుక కట్ట తయారైనది.

దీనికి ఆంగ్ల నావికులు పెట్టిన పేరు హోప్ ఐలాండ్, అనగా ఆశాద్వీపం. పేరుకు ద్వీపమే కాని, ఇది నేలకొసను పట్టుకొని పుట్టిన ఇసుక కొమ్ము. భూమి వయస్సుతో పోల్చితే ఇది నిన్న మొన్నటిది. ప్రస్తుతపు రూపంలో అధికభాగం గత రెండు శతాబ్దాలలో ఏర్పడినదే. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్రజ్ఞులు 1950ల దశకంలోనే దీని పెరుగుదలను పరిశోధించారు. నేటి ఉపగ్రహ చిత్రాలలో దీని మొన కదలిక స్పష్టంగా కనబడుతుంది.

కొడవలి బయట నుంచి వచ్చే అలను ఆపుతుంది. లోపల నీరు నిలకడగా ఉంటుంది. నిలకడ నీటిలో మన్ను దిగుతుంది. కోరంగి, గాడేరు అనే చిన్న పాయలు దక్షిణం నుంచి ఈ అఖాతంలోకే వచ్చి, తమ వంతు ఒండ్రును ఇక్కడనే దింపుతాయి. కనుక ఓడకు నీడనిచ్చే గోడయే ఓడకు కావలసిన లోతును హరిస్తుంది. ఈ అఖాతపు చరిత్ర యావత్తు ఈ ఒక్క చిక్కుముడిలో ఉన్నది.

కోరంగి వైభవం

నేటి కోరంగి కాకినాడ జిల్లాలో, కాకినాడ నుంచి యానాం పోయే దారిలో, తాళ్ళరేవు దగ్గర ఉన్న చిన్న గ్రామం. పదునెనిమిదవ శతాబ్దంలో ఈ పేరు లేని నౌకాపటం ఉండేది కాదు. కారణం సులభంగా ఊహించదగినదే. కొయ్య ఓడకు పురుగు పడుతుంది. అడుగున నత్తలు, పాచి పట్టి నడక మందగిస్తుంది. దానిని ఎప్పటికప్పుడు గట్టున పడవేసి, గీకి, కీలు పూసి, చీలికలలో నార కూరి బాగుచేయాలి. ఇందుకు అలల తాకిడి లేని నీరు, మెత్తని బురద నేల, చేతి పని తెలిసిన వడ్రంగులు కావాలి. తూర్పు తీరంలో ఈ మూడూ ఒకచోట దొరకడం అరుదు. కోరంగి పాయలో ఇవన్నీ ఉన్నాయి. పోటువేళ ఓడను పాయలోనికి తెచ్చి, పాటువేళ బురదమీద కూర్చుండబెట్టి పని సాగించేవారు. గోదావరి మీదుగా ఎగువ అడవుల కలప తేలి వచ్చేది. పాతవాటిని బాగుచేయడంతో పాటు కొత్త ఓడలనూ ఇక్కడ కట్టేవారు. ఆ విద్య తాళ్ళరేవు ప్రాంతంలో కోరంగి రేవు అంతరించిన పిమ్మట కూడ కొనసాగినది.

రేవు ఉన్న చోటికి వర్తకులు వచ్చారు. ఈ సీమ నేతవస్త్రాలకు పేరు గన్నది. ఆంగ్లేయులు కోరంగి సమీపాన ఇంజరంలో వర్తకశాల పెట్టారు. ఫ్రెంచివారు 1723లో యానాం వచ్చి, కొద్ది కాలానికే విడిచిపోయి, 1731లో మరల వచ్చి స్థిరపడ్డారు. డచ్చివారు కాకినాడను ఆనుకొని ఉన్న జగన్నాథపురంలో నిలిచారు. ఎడ్లబండిపై ఒక పూటలో చుట్టి రాదగిన మేరలో మూడు దేశాల జెండాలు ఎగిరినవి. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడెల్లా ఇక్కడి గిడ్డంగులకు కాపలా పెరిగేది. మగ్గం దగ్గర కూర్చున్న నేతగానికి మాత్రం బయానా ఇచ్చే దొర ఎవరన్నదే తేడా.

ఆ మూడు జెండాలు దిగిన సంవత్సరాలు కూడ విద్యార్థులు గుర్తుంచుకోదగినవి. 1824 నాటి ఒప్పందాన్ని అనుసరించి డచ్చివారు మరుసటి సంవత్సరం జగన్నాథపురాన్ని ఆంగ్లేయులకు వదిలారు. ఆంగ్లేయుల పాలన 1947లో ముగిసినది. యానాం 1954లో ఫ్రెంచి పాలననుంచి బయటపడి భారతదేశంలో చేరినది. ఆ విలీనం 1962లో చట్టబద్ధమైనది. నేటికీ అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. తెలుగు ఊళ్ళ నడుమ ఉన్న ఈ తెలుగు పట్టణం పాలన వందల కిలోమీటర్ల దూరాన ఉండడానికి మూలం, మూడు వందల ఏళ్ళనాటి ఒక గుడ్డల వ్యాపారమే.

రెండు ఉప్పెనలు

రేవు మంచిదైతే జనం చేరుతారు. జనం చేరిన ఆ నేల సముద్రమట్టానికి మూడు నాలుగు మూరల ఎత్తున కూడ లేదు. ఈ ప్రమాదం 1789 డిసెంబరులో కోరంగికి తెలిసివచ్చినది. తుఫానుతో పాటు మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయని నాటి వృత్తాంతాలు చెపుతున్నాయి. మొదటిది రేవులోని ఓడలను గట్టుకెక్కించినది; రెండవది మైదానాన్ని ముంచినది; మూడవది మిగిలినదానిని తుడిచిపెట్టినది. మరణించినవారు ఇరవై వేలమంది అని అంచనా.

బ్రతికినవారు తిరిగి ఇళ్ళు కట్టుకొన్నారు. రేవు మరల నడిచినది. సరిగా అర్ధశతాబ్ది గడిచేసరికి, 1839 నవంబరు 25వ తేదీన, రెండవ ఉప్పెన వచ్చినది. నీరు నలభై అడుగుల ఎత్తున లేచినదని చెపుతారు. ఈ విపత్తులో మూడు లక్షలమంది మరణించారని, ఇరవై వేల నావలు నాశనమైనవని ప్రపంచపు విపత్తుల పట్టికలలో తరచుగా కనబడుతుంది. చరిత్ర చదివే విద్యార్థి ఇట్టి సంఖ్యల వద్ద ఒక నిమిషం ఆగాలి. మన దేశంలో మొదటి జనగణన 1871-72లో జరిగినది. 1839లో ఊరికి ఎంతమంది ఉన్నారో లెక్క లేనప్పుడు, ఎంతమంది పోయారో తేల్చడం ఎట్లా? ఒక చిన్న రేవులో ఇరవై వేల నావలు నిలవడం సాధ్యమా? ఈ అంకెలను కొలిచిన లెక్కగా కాక, చూచినవారి భయానికి కొలతగా తీసుకోవడం మేలు. అంకె తగ్గినంత మాత్రాన దుఃఖం తగ్గదు. కోరంగి ఆ దెబ్బ నుంచి మరల కోలుకోలేదన్న సంగతి మాత్రం నిశ్చయం.

ఉప్పెన అంటే వట్టి పెద్ద అల కాదు. తుఫాను గాలి సముద్రపు నీటిని గంటల తరబడి తీరం వైపు నెట్టుతుంది. లోతైన నీటిలో ఆ ఒత్తిడికి నీరు అడుగునుంచి వెనుకకు జారిపోగలదు. లోతు లేని చోట దానికి వెనుకకు పోవడానికి దారి లేదు. పైకి లేవడమే గతి. అందుకు పోటు సమయం కలిసి, అఖాతపు రెండు ఒడ్డులూ దగ్గరపడితే మట్టం మరింత పెరుగుతుంది. ఎదుట మెట్టభూమి లేకపోతే ఆ నీరు మైళ్ళకొలది లోనికి పోతుంది. నాటికి ఇసుక కొమ్ము నేడున్నంత పొడవు సాగలేదు. ఓడలను కోరంగికి రప్పించిన మెత్తని నేల, పల్లపు గట్టు, తక్కువ లోతు - ఈ మూడే ఉప్పెనకు దారి ఇచ్చాయి.

ఈ 1839 తుఫానును శ్రద్ధగా పరిశీలించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఒకప్పుడు సముద్రం మీద ఓడ నడిపి, తరువాత కలకత్తాలో స్థిరపడిన ఈ ఆంగ్లేయుడు, తుఫానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలను సేకరించేవాడు. ఏ ఓడ, ఏ గంటకు, ఏ చోట, గాలి ఏ దిక్కునుంచి వీచినదని వ్రాసుకొన్నదో వాటిని పటంపై గుర్తించేవాడు. ఆ గుర్తులను కలిపితే గాలి ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతున్నట్టు తేలినది. కోరంగి తుఫానును గురించి ఆయన వ్రాసిన పరిశోధన, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. 1848లో నావికుల కొరకు వ్రాసిన గ్రంథంలో ఈ సుడిగాలులకు ఆయన 'సైక్లోన్' అనే పేరు పెట్టాడు. పాము చుట్ట చుట్టుకొన్నదనే అర్థమిచ్చే గ్రీకు మాట దానికి ఆధారం. నేడు రేడియో వార్తలలో ప్రపంచమంతా వినే ఆ పదం పుట్టుకలో, బంగాళాఖాతపు తుఫానుల అనుభవం, అందులో కోరంగి కన్నీరు, ఒక పాలు ఉన్నది.

కోరంగి నేర్పిన పాఠాన్ని పిడింగ్టన్ మరొక చోట వినియోగించబోయాడు. 1853లో వంగదేశపు మాత్లా నది మీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, ఆ పల్లపు నేలమీద కట్టే పట్టణాన్ని ఏదో ఒకనాడు ఉప్పెన ముంచుతుందని ఆయన గవర్నరు జనరలుకు లేఖ వ్రాశాడు. ఆ మాటను ఎవరూ పాటించలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867 తుఫానులో అది పాడైపోయినది. అప్పటికి పిడింగ్టన్ మరణించి తొమ్మిదేళ్ళు.

పూడిక, కాకినాడ ఎదుగుదల

కోరంగిని తుఫాను చంపినదని అనుకోవడం సగం నిజం. తుఫాను కూల్చిన ఇంటిని మనిషి మరల కట్టగలడు; 1789 తరువాత కట్టి చూపించాడు. ఏటేటా వచ్చి చేరే పూడికతో మాత్రం పోరాడలేకపోయాడు. పాయ ముఖాన ఇసుక మేట పెరిగినది. ఓడల పరిమాణం పెరిగినది. కొయ్య ఓడ పోయి ఆవిరి ఓడ వచ్చినది. దానికి మరింత లోతు కావాలి. పాటువేళ బురదమీద కూర్చుండబెట్టి బాగుచేసే ఓడల కాలం చెల్లినది. పంతొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి పెద్ద ఓడలకు కోరంగి అందని ఊరు అయినది.

అదే అఖాతపు ఉత్తరపు ఒడ్డున, ఆంగ్లేయులు 'కోకనాడ' అని వ్రాసిన కాకినాడకు కాలం కలిసివచ్చినది. 1847-52 సంవత్సరాల మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన ధవళేశ్వరం వద్ద ఆనకట్ట లేచినది. ఆ కాలువలు పొలానికి నీరు ఇవ్వడమే కాక, పడవలకు దారి కూడ అయినవి. కాలువపై పడవ నిండుగా ధాన్యం నేరుగా కాకినాడ చేరగలిగినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం రేగి, అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయినప్పుడు, ఆ మిల్లులు మన దేశపు ప్రత్తి కొరకు ఎగబడినవి. ఆ గిరాకీ కాకినాడ వర్తకానికి గొప్ప ఊతమైనది. ఈ రేవునుంచి ఎగుమతి అయిన ప్రత్తికి విదేశపు బజారులో 'కోకనాడలు' అనే వ్యాపార నామమే ఏర్పడినది.

ఆ అమెరికా యుద్ధంలో పాల్గొన్న ఒక నౌక ఈ తీరంలోనే అంతమైనది. అమెరికా ప్రభుత్వపు యుద్ధనౌక 'సాక్రమెంటో' 1867 జూన్ 19వ తేదీన గోదావరి ముఖద్వారం వద్ద, పటంలో లేని ఒక తిన్నెకు తగిలి బద్దలైనది. అందులోనివారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. నావికులు ఆ తిన్నెను ఆ ఓడ పేరుతోనే పిలిచారు. పటం వ్రాసినవాని లోపం అనడానికి లేదు. పటం వ్రాసిన సంవత్సరానికీ ఓడ వచ్చిన సంవత్సరానికీ నడుమ గోదావరి ఎన్ని వరదల మన్ను తెచ్చి పోసినదో ఎవరికి తెలుసు?

కాకినాడకు కూడ పూడిక బెడద తప్పలేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసుకొనేవి. సరుకును బార్జీలలో కాలువ వెంట తీసుకొని పోయి ఓడకు ఎక్కించేవారు. లోతు కోసం ఓడలు దూరాన నిలవవలసినా, కొడవలి చాటున బార్జీల రాకపోకలు సాగేవి. ఈ లంగరు రేవు పద్ధతిలో ఎందరో కళాసీలు, కూలీలు, బండివారు జీవించారు. చివరకు 1997లో అఖాతపు ముఖాన అలలకు అడ్డుగోడ కట్టి, లోతు త్రవ్వి, లోతునీటి రేవును ఏర్పాటు చేశారు. బియ్యం ఎగుమతిలో కాకినాడకు ఇప్పుడు దేశంలో మంచి స్థానం ఉన్నది. అయితే త్రవ్విన లోతును నిలుపుకోవాలంటే మరల మరల త్రవ్వుతూ ఉండవలసినదే. గోదావరితో ఒడంబడిక ఒక్కసారితో ముగిసేది కాదు.

ఊరు పోయినా పేరు

రేవుగా కోరంగి అంతరించినా, దాని పేరు సముద్రం దాటినది. బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అనేవారు. ఆ జనం అందరూ కోరంగివారు కారు; విశాఖ, గంజాం సీమలవారూ వారిలో ఎందరో ఉన్నారు. కాని మొదట ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరుగా స్థిరపడినది. పంట కోతలకు, బియ్యపు మిల్లులకు, రంగూను రేవులో బరువులు మోయడానికి వారు ఏటా వేలకొలది తరలిపోయేవారు. కాకినాడనుంచి రంగూనుకు ఆవిరి ఓడలు నడిచేవి.

పొట్టకూటికై పోయిన ఆ బ్రతుకులు సుఖంగా సాగలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టగా, వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. సమ్మె ముగిసి, తెలుగువారిని తిరిగి తీసుకొని బర్మీయులను పొమ్మన్నప్పుడు రెండు పక్షాల పేదల మధ్య ఘర్షణ పుట్టినది. ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు, ఓడ దొరకనివారు అడవులూ కొండలూ దాటి కాలినడకను స్వదేశానికి బయలుదేరారు. దారిలో రాలిపోయినవారు అనేకులు. ఆ యాత్ర కథలు గోదావరి, విశాఖ మండలాల కుటుంబాలలో చాలాకాలం చెప్పుకొన్నారు.

మడ అడవి

ఓడలు వదలిన పూడికను వృక్షాలు స్వీకరించాయి. కోరంగి చుట్టూ ఉన్న పర్ర భూములను మడ అడవులు ఆక్రమించుకొని ఉన్నాయి. 1978లో ప్రభుత్వం ఇక్కడ సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించినది. వంగదేశపు సుందరవనాలతో పోల్చదగిన మడ అడవులు మన దేశంలో కొద్ది చోట్లనే ఉన్నాయి. వానిలో ఇది ఒకటి.

ఉప్పునీటి బురదలో బ్రతకడానికి ఈ చెట్లు ఎన్నుకొన్న ఉపాయాలు వృక్షశాస్త్ర పాఠానికి చక్కని ఉదాహరణలు. బురదలో గాలి ఉండదు కనుక మడ చెట్టు తన వేళ్ళ కొసలను పెన్సిళ్ళ వలె నేలపైకి నిలిపి, పాటువేళ వాటితో ఊపిరి పీల్చుకొంటుంది. వేళ్ళలోనికి వచ్చిన ఉప్పును ఆకులగుండా బయటకు పంపివేస్తుంది. పొన్నజాతి మడ తన విత్తనాన్ని నీటిలో రాలనీయదు. చెట్టునే మొలకెత్తించి, జానెడు మొలకను బురదలో గ్రుచ్చుకొనేటట్టు జారవిడుస్తుంది. చెట్ల అడుగున రొయ్యపిల్లలు, పీతలు, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. బావురుపిల్లి, నీటికుక్క ఈ పాయలలో వేటాడుతాయి. జనవరి, మార్చి మాసాల మధ్య సముద్రపు తాబేళ్ళు హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వల వేసే పల్లెకారునికి ఈ అడవి చేపల నర్సరీ. అది నశిస్తే సముద్రంలో అతని వల తేలికౌతుంది.

మడ చెట్ల మరొక ఉపకారం తుఫానువేళ తెలుస్తుంది. అల్లుకొన్న వేళ్ళ గుబురు అల వేగాన్ని త్రుంచుతుంది. నేల కోసుకొనిపోకుండ పట్టుకొంటుంది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసినది; వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో సముద్రం మీద వేటలో చిక్కుకొన్న మత్స్యకారులు అనేకులు. అడవిగాని, ఇసుక కట్టగాని అన్ని ప్రాణాలనూ కాపాడలేవని ఆ రాత్రి నిరూపించినది. వేటకు పోయినవారికి సకాలంలో అందే హెచ్చరికకు ప్రత్యామ్నాయం లేదు.

ఇసుక జమాఖర్చు

కాకినాడకు ఉత్తరాన, కొడవలి చాటు ముగిసే మేరలో, జరీ చీరలకు పేరుపడిన ఉప్పాడ ఉన్నది. అక్కడ సముద్రం ఏటా గట్టును కోస్తున్నది. ఇళ్ళు, గుళ్ళు, తోటలు నీటి పాలైనాయి. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం వెంట పోయే రోడ్డు తుఫాను కాలంలో తరచు తెగుతుంది. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో కట్ట వేశారు, రాళ్ళు పోశారు. సముద్రం వానినీ చెదరగొట్టినది.

దక్షిణాన నేల పెరగడం, ఉత్తరాన నేల తరగడం రెండు వేరు కథలు కావు. తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుకను కొడవలి తనలో పోగుచేసుకొంటున్నది. దాని వెనుక ఉన్న అఖాతం మరికొంత దాచుకొంటున్నది. ఉప్పాడకు చేరవలసిన పాలు తగ్గినది. పైగా కొడవలి మొనను చుట్టి వంగిన అలలు ఆ గట్టుమీదకే కూడుకొంటున్నాయి. ఒకరికి గోడ అయినది మరొకరికి వాటపుగాలి అయినది.

ఇక అసలు రాబడిలోనే కోత పడినది. గోదావరి మీద, దాని ఉపనదుల మీద కట్టిన జలాశయాలలో మన్ను ఆగిపోతున్నది. సముద్రానికి చేరే ఒండ్రు గత అర్ధశతాబ్దిలో గణనీయంగా తగ్గినదని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆనకట్టలు లేకపోతే డెల్టాకు అన్నం లేదు. కాని, మన్నుతో పెరిగిన డెల్టాకు మన్ను అందకపోతే అది నిలువలేదు. నేల కొద్దికొద్దిగా అణగుతున్నది; సముద్రమట్టం కొద్దికొద్దిగా పెరుగుతున్నది. కోరంగికి మన్ను ఎక్కువై చేటు వచ్చినది. ఇకముందు ఈ తీరానికి మన్ను తక్కువై చేటు రావచ్చును.

అందుచేత, ఇక్కడ రేవును పెంచినా, గోడ కట్టినా, ఇసుక త్రవ్వినా, మడను నరికి రొయ్యల చెరువు వేసినా, ఆ పని చేసిన చోట మాత్రమే ఫలితాన్ని చూచి తృప్తి పడరాదు. పది కిలోమీటర్ల అవతల ఎవరి గట్టు కోసుకొని పోతున్నదో కూడ లెక్కలో చేర్చవలెను.

కాకినాడ ప్రాంతపు ఉపాధ్యాయులకు ఈ పాఠం చెప్పడానికి ప్రత్యేకమైన పరికరాలు అక్కరలేదు. పాత తీరపటం ఒకటి, కొత్తది ఒకటి ప్రక్కప్రక్కన పెట్టి, రెండు గీతల నడుమ పెరిగిన నేలకు ఒక రంగు, పోయిన నేలకు ఒక రంగు వేయించితే చాలు. పంటచేల నుంచి వచ్చిన పిల్లవాడు, ఉప్పాడ గట్టునుంచి వచ్చిన పిల్లవాడు ఒకే బల్లమీద కూర్చొని ఆ రంగులు వేస్తే, ఒకని ఊరికి చేరిన ఇసుక మరొకని ఊరికి చేరవలసినదని వారికై వారే గ్రహిస్తారు. పుష్య అమావాస్యకు చొల్లంగిలో మునిగే యాత్రికుని పాదాల క్రింద మెత్తగా దిగబడే ఆ బురద, త్ర్యంబకం మొదలు ఇక్కడి వరకు నడచి వచ్చిన మన్ను.